గేటు మీటింగ్ జనం, పోలింగ్ బూత్ ఓటు

తమ్ముడూ, మీరు అడిగింది ఇదీ. స్టీల్ ప్లాంట్‌లో మీ యూనియన్ కార్యదర్శి వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో నిలబడాలని చూస్తున్నారు, ఎవరైనా వద్దంటే "ఇంద్రజిత్ గుప్తా యూనియన్ నుంచే వచ్చి 11 సార్లు ఎంపీ అయ్యారు, మనం ఒక్కసారి కాలేమా" అంటున్నారు. అది అయ్యే పనేనా, ఇన్ని ఫ్యాక్టరీలున్న విశాఖలో అన్నేళ్లు నిలిచిన కార్మిక నాయకుడు ఎందుకు రాలేదు అని మీ సందేహం. నేను పోర్టులో పని చేసి రిటైరైన వాణ్ని, సర్వీసులో సగం పైగా యూనియన్ ఆఫీసులోనే గడిచింది, ఎన్నికల్లో మా వాళ్ల కోసం జెండా పట్టుకుని ఇంటింటికీ తిరిగాను కూడా. నా జవాబు ముందే చెప్పేస్తా. మొదటి గెలుపు యూనియన్ ఇవ్వగలదు. రెండోది ఇవ్వదు. మీ కార్యదర్శి గారు చెప్పే ఉదాహరణ కూడా, విప్పి చూస్తే, ఆయన అనుకుంటున్న దానికి ఎదురే చెబుతుంది.

సీపీఐ (భారత కమ్యూనిస్టు పార్టీ) నాయకుడు ఇంద్రజిత్ గుప్తా కూలి ఇంట్లో పుట్టిన మనిషి కాదు. 1919లో కలకత్తాలో, ఐసీఎస్ (బ్రిటిష్ కాలపు ఐఏఎస్ లాంటిది) ఆఫీసర్ల కుటుంబంలో పుట్టారు. తాత ఐసీఎస్, అన్న కూడా ఐసీఎస్. ఢిల్లీలో సెయింట్ స్టీఫెన్స్‌లో చదివి కేంబ్రిడ్జి వెళ్లి, అక్కడే కమ్యూనిస్టు అయ్యి 1940 ప్రాంతంలో తిరిగొచ్చారు. వచ్చాక సర్కారు నౌకరీ జోలికి పోకుండా జనపనార మిల్లుల కార్మికుల మధ్య, డాక్ కూలీల మధ్య యూనియన్ పని మొదలుపెట్టారు, పార్టీ మీద నిషేధం పడితే అజ్ఞాతంలోకి పోయారు. లోక్‌సభకి మొదటిసారి వెళ్లింది 1960లో, కలకత్తా సౌత్ వెస్ట్ ఉప ఎన్నికలో. అంటే మిల్లు గేటు దగ్గర నిలబడటం మొదలుపెట్టిన ఇరవై ఏళ్లకి. ఈ ఇరవై ఏళ్ల సంగతి మీ వాళ్లెవరూ ఎత్తరు, 11 సార్లు మాత్రం గుర్తుంటుంది.

ఆ 11 సార్లు ఎక్కడెక్కడో కూడా చూడండి. కలకత్తా సౌత్ వెస్ట్ నుంచి 1960, 1962. అలీపూర్ నుంచి 1967, 1971. బసీర్‌హాట్ నుంచి 1980, 1984. మిడ్నపూర్ నుంచి 1989, 1991, 1996, 1998, 1999. మొదటి రెండు చోట్లా మిల్లులు, గోదాములు, డాక్ కూలీల వాడలు ఆయనకి దగ్గర, కాబట్టి అక్కడ యూనియన్ గెలిపించింది అంటే ఒప్పుకుంటా. బసీర్‌హాట్ అలా కాదు, బంగ్లాదేశ్ సరిహద్దులో పొలాలూ చెరువులూ ఉన్న జాగా. మిడ్నపూర్ కూడా రైతులు, గిరిజనులు ఎక్కువగా ఉన్న జిల్లాయే, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుని పక్కన పెడితే. అక్కడ ఆయన్ని గెలిపించింది మిల్లు కార్మికుడు కాదు, వామపక్షాల కూటమి, గ్రామాల్లో దానికున్న యంత్రాంగం. 11లో ఏడు గెలుపులు అలా వచ్చినవే.

మధ్యలో 1977 ఉంది కదా, అది ఇంకా ముఖ్యం. సీపీఐ ఎమర్జెన్సీని సమర్థించింది, జనం ఆ కోపం ఓటులో చూపించారు, అప్పటికి పదిహేడేళ్లుగా ఎంపీగా ఉన్న మనిషి కూడా ఓడిపోయారు. యూనియన్లు ఎక్కడికీ పోలేదు, ఆయన పేరూ చెడలేదు, అయినా ఓడిపోయారు. పార్టీ గాలి ఎదురైతే యూనియన్ సభ్యత్వం అడ్డుగోడ కాదు. మళ్లీ 1980లో గెలిచి వచ్చారు, అదే ఏడు సీపీఐ వాళ్ల కార్మిక సంఘం ఏఐటీయూసీకి జనరల్ సెక్రటరీ అయ్యి 1990 వరకూ ఆ పదవిలో ఉన్నారు, తర్వాత పార్టీ జనరల్ సెక్రటరీ, 1996లో దేశ హోంమంత్రి. కమ్యూనిస్టు పార్టీల వాళ్లని జైల్లో పెట్టించిన శాఖకి కమ్యూనిస్టు మంత్రి. ఆ రోజు మా యూనియన్ ఆఫీసులో దీని మీద నడిచిన జోకులు ఇక్కడ రాయలేను.

ఇక మా తరం వాళ్లు ఎక్కువగా చెప్పుకునే విషయం. 1997లో ఐదో వేతన సంఘం సిఫార్సుల మీద కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు సమ్మెకి సిద్ధమైతే వాళ్లతో మాట్లాడిన మంత్రుల బృందానికి పెద్ద ఈయనే. నలభై ఏళ్లకి పైగా టేబుల్‌కి ఇటువైపు కూర్చున్న మనిషి అటువైపు కూర్చున్నారు. వేతన సంఘం 20 శాతం ఫిట్‌మెంట్ (పాత జీతం మీద పెంపు) అని చెబితే చివరికి 40 శాతానికి ఒప్పందం కుదిరింది. ఖజానా మీద భారం పడిందని, రాష్ట్రాలు కుదేలయ్యాయని ఆర్థికవేత్తలు ఇప్పటికీ తిడతారు. ఆ తిట్టులో న్యాయం లేదని అనను, రాష్ట్రాలు నిజంగానే ఇబ్బంది పడ్డాయి. కానీ ఒకటి గమనించాలి, సమ్మె నోటీసు చేతిలో పెట్టుకుని వచ్చిన నాయకుడి మొహం చూసి ఇతను ఎంత దగ్గర ఆగుతాడో పసిగట్టే విద్య పుస్తకాల్లో దొరకదు. అది కన్సిలియేషన్ (రాజీ చర్చల) గదిలో, అర్ధరాత్రి దాటాక, మేనేజ్‌మెంట్ వాళ్లు టీలు తెప్పించడం మానేశాక వస్తుంది.

సభలో ఆయన నిలిచింది కూడా ఆ అలవాటుతోనే అని నా అభిప్రాయం. 1992లో ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు ఇచ్చారు, 1991 నుంచి కొత్త లోక్‌సభ కొలువైన ప్రతిసారీ పెద్దాయన కాబట్టి ప్రొటెం స్పీకర్‌గా (కొత్త స్పీకర్ని ఎన్నుకునేదాకా సభ నడిపే మనిషిగా) ఆయన్నే కూర్చోబెట్టేవాళ్లు. అరుపులు తక్కువ, కాగితం ఎక్కువ. హోంమంత్రి అయ్యాక కూడా పెద్ద బంగళాకి పోకుండా ఢిల్లీలో వెస్టర్న్ కోర్టు అనే ఎంపీల వసతి భవనంలో ఉన్న చిన్న వసతిలోనే ఉండిపోయారు. ఇది గొప్ప కోసం చెప్పట్లేదు, ఓటు విషయంలో దీనికి లెక్క ఉంది. కార్మికుడు తన నాయకుడి ఇల్లు చూస్తాడు, బండి చూస్తాడు, కొడుక్కి ఏ కంపెనీలో ఉద్యోగం వచ్చిందో చూస్తాడు. పైకి ఏమీ అనడు.

బొంబాయి కార్మిక నాయకుడు, సోషలిస్టు జార్జ్ ఫెర్నాండెజ్ పేరు కూడా ఎవరో ఒకరు తెస్తారు కాబట్టి అదీ అనేస్తా. 1967లో బొంబాయి సౌత్‌లో, బొంబాయి నాకే రాసిచ్చారు అన్నట్టు ఉండే కాంగ్రెస్ పెద్ద ఎస్.కె. పాటిల్‌ని ఓడించారు. మున్సిపల్ కార్మికులు, ట్యాక్సీ డ్రైవర్లు నెత్తిన పెట్టుకుని గెలిపించారు. సరిగ్గా అదే చోట 1971లో చిత్తుగా ఓడిపోయారు. 1974 రైల్వే సమ్మె నడిపి దేశం మొత్తాన్ని ఆపిన మనిషి తర్వాత గెలిచింది ఎక్కడ? 1977లో, జైల్లో ఉండి, బీహార్‌లోని ముజఫర్‌పూర్ నుంచి. బొంబాయి కార్మికులకి ముజఫర్‌పూర్ ఎక్కడుందో కూడా తెలీదు.

మనవాళ్ల దగ్గరికి వద్దాం. వి.వి. గిరి గారిని రాష్ట్రపతిగానే గుర్తుపెట్టుకున్నారు గాని, ఆయన పుట్టింది బరంపురంలో, పెరిగింది రైల్వే యూనియన్‌లో. హౌరా నుంచి మన వాల్తేరు దాకా వచ్చే బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల్ని కూడగట్టి 1928లో పెద్ద సమ్మె నడిపారు. 1937లో మద్రాసు అసెంబ్లీకి బొబ్బిలి నుంచి నిలబడి ఏకంగా బొబ్బిలి రాజానే ఓడించారు, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి వెళ్లి కేంద్రంలో కార్మిక మంత్రి. తగాదాల్ని కోర్టులూ ట్రిబ్యునళ్లూ కాకుండా యూనియన్, యజమాని ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన పట్టు, దానికి గిరి విధానం అనే పేరే పడింది. 1954లో బ్యాంకు ఉద్యోగులకి ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని (అవార్డు అంటారు) ప్రభుత్వం తగ్గించి మారిస్తే మంత్రి పదవికి రాజీనామా ఇచ్చేశారు. మంత్రి కుర్చీలో కూర్చున్నాక కూడా యూనియన్ మనిషిలా నడుచుకున్న వాళ్లలో నాకు ఈయనే ముందు కనిపిస్తారు.

అలాంటి మనిషి 1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. అప్పట్లో రెండు సీట్ల నియోజకవర్గాలుండేవి, ఒకటి రిజర్వుడు, ఒకటి జనరల్. రెండింటికీ గిరిజన అభ్యర్థులే గెలిచారు, గిరి గారు జనరల్ సీటుకి గిరిజనుడు రాకూడదని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1959లో కోర్టు ఆయనకి వ్యతిరేకంగా చెప్పింది. కోర్టు సరిగ్గానే చెప్పింది, ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజనుడు జనరల్ సీటు ఎందుకు తీసుకోకూడదు? ఆ తర్వాత ఆయన గవర్నరు, ఉపరాష్ట్రపతి, రాష్ట్రపతి అన్నీ అయ్యారు గాని, లోక్‌సభకి మళ్లీ రాలేదు.

హైదరాబాద్‌లో ముషీరాబాద్ అసెంబ్లీ సీటు సంగతి ఇంకా తమాషా. ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా మొదలై కాంగ్రెస్ వైపు యూనియన్ ఐఎన్‌టీయూసీ నాయకుడైన టి. అంజయ్య గారు ఒకవైపు, సోషలిస్టుగా వచ్చి సోషలిస్టుల యూనియన్ హెచ్‌ఎంఎస్‌లో పని చేసిన నాయిని నర్సింహారెడ్డి గారు ఇంకోవైపు. 1978లో ఇద్దరూ ఢీకొంటే నాయిని గెలిచారు. ఇద్దరూ యూనియన్ మనుషులే కాబట్టి కార్మికుల ఓటు ఎటు అని అడగడానికే లేదు, అది చీలింది. ఓడిన అంజయ్య గారు రెండేళ్లకే 1980లో ముఖ్యమంత్రి అయ్యారు, ఢిల్లీ పిలిస్తే అంతే. గెలిచిన నాయిని గారు 1985లో మళ్లీ గెలిచారు, ఆ తర్వాత గెలుపు 2004లో. మధ్యలో పంతొమ్మిదేళ్లు! 2014లో తెలంగాణ మొదటి హోంమంత్రి అయ్యింది ఎమ్మెల్సీగానే. ఈ పంతొమ్మిదేళ్లూ ఆయన మాయమైపోలేదు, ఆ వీధుల్లోనే ఉన్నారు. ఓడిపోయాక కూడా జనానికి కనిపించే వాళ్లకే మళ్లీ టికెట్ అడిగే మొహం ఉంటుంది.

ఇప్పుడు విశాఖ. మన ఊళ్లో కార్మికులు తక్కువా? పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, బీహెచ్‌పీవీ (ఇప్పుడు బీహెచ్‌ఈఎల్‌లో భాగం), స్టీల్ ప్లాంట్, రైల్వే, మూతపడక ముందు జింక్. మల్కాపురం నుంచి కూర్మన్నపాలెం దాకా ఏ వీధిలో చూసినా ఎవరో ఒకరు ఏదో ఒక షిఫ్టుకి పోయేవాళ్లే. అయినా గేటు దగ్గర ఒక జెండా, ఇంటి దగ్గర ఇంకో జెండా. దీనికి కారణాలు నాకు కనిపించినవి చెబుతా.

ప్లాంట్‌లో గుర్తింపు యూనియన్ (మేనేజ్‌మెంట్‌తో మాట్లాడే హక్కున్న యూనియన్) ఎన్నికలో ఓటు వేసేది పర్మనెంట్ ఉద్యోగి. కాంట్రాక్టు కార్మికుడికి అందులో ఓటు లేదు. అసెంబ్లీ ఎన్నికలో మాత్రం అతనికీ, అతని పెళ్లానికీ, అమ్మానాన్నలకీ ఓటు ఉంది, పర్మనెంట్ వాళ్లకంటే వాళ్లే ఎక్కువ. వేజ్ రివిజన్ కోసం మనం ఉపన్యాసాలు దంచుతుంటే అతను ఆ మాట వింటూ తన కాంట్రాక్టరు ఈ నెల పీఎఫ్ కట్టాడో లేదో ఆలోచిస్తుంటాడు. ఇక నిర్వాసితులు. ప్లాంట్‌కి భూములిచ్చి ఆర్ కార్డు (నిర్వాసితుడని ఇచ్చే కార్డు) పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగిన కుటుంబాలు గాజువాక, పెదగంట్యాడ, అగనంపూడి చుట్టూ ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్ల దృష్టిలో ఉద్యోగం వచ్చిన వాడి యూనియన్ వాళ్ల యూనియన్ కాదు. ఇది చేదుగా ఉన్నా నిజం, ఈ దూరం తగ్గించడానికి యూనియన్లు పెట్టాల్సినంత శ్రద్ధ పెట్టలేదు.

ఇంకోటి, ఉద్యోగి ఒకచోట పని చేసి ఇంకోచోట ఓటేస్తాడు. టౌన్‌షిప్‌లో క్వార్టర్, సొంతిల్లు పెందుర్తిలో, రేషన్ కార్డు శ్రీకాకుళంలో, ఓటు కూడా అక్కడే. గేటు మీటింగ్‌లో చప్పట్లు కొట్టిన వాళ్లని నియోజకవర్గం వారీగా విడదీసి చూస్తే చేతికి చిక్కేది పిడికెడు. మా పోర్టులోనే ఒకాయన, పేరు అనవసరం, ఆయన మాట్లాడితే గ్యాంగులన్నీ పని ఆపి నిలబడేవి. అసెంబ్లీకి నిలబడితే డిపాజిట్ దక్కలేదు. తర్వాత మా కుర్రాళ్లే చెప్పారు, "యూనియన్‌లో అన్నే, ఓటు మాత్రం ఊరోళ్లతో పాటు వేశాం" అని. వాళ్ల మాటలో మోసం ఏమీ లేదు. చార్జిషీటు వస్తే అన్న కావాలి, తాసిల్దారు ఆఫీసులో పని పడితే అధికార పార్టీ మనిషి కావాలి. ఇద్దర్నీ వాళ్లు వేర్వేరుగా పెట్టుకున్నారు.

2021 కంటే గట్టి రుజువు ఏం కావాలి? జనవరి 27న కేంద్ర మంత్రివర్గ కమిటీ స్టీల్ ప్లాంట్‌లో నూరు శాతం వాటా అమ్మేస్తామంది. ఊరు ఊరంతా రోడ్డెక్కింది, కూర్మన్నపాలెం జంక్షన్‌లో దీక్షలు, మార్చి 5న రాష్ట్ర బంద్. ఆ వేడిలోనే, అదే నెల 10న జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఎన్నికలు జరిగాయి. ఉద్యమాన్ని భుజాన వేసుకున్న యూనియన్ల పార్టీలకి 98 వార్డుల్లో వచ్చినవి సీపీఐకి ఒకటి, సీపీఎంకి ఒకటి. గాజువాక అసెంబ్లీ సీటు 2024లో 95,235 ఓట్ల తేడాతో, రాష్ట్రంలోనే అన్నిటికంటే పెద్ద మెజారిటీతో, టీడీపీకి వెళ్లింది. గెలిచిన పల్లా శ్రీనివాసరావు గారు 2021లో ప్లాంట్ కోసం నిరాహార దీక్ష చేసిన వారే, అది కాదనను. కానీ కార్మికుడి కోపం ఓటుగా మారాల్సి వచ్చినప్పుడు అది పెద్ద పార్టీలోని స్థానిక నాయకుడి దగ్గరికే పోయింది, యూనియన్ ఆఫీసుకి రాలేదు.

ఇక మీ కార్యదర్శి గారు చట్టం వైపు చూసుకోవాల్సినవి కొన్ని. యూనియన్ చందా డబ్బు తీసి ఎన్నికల్లో ఖర్చు పెడదాం అనుకుంటే కుదరదు. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం నాటి నుంచే రాజకీయ నిధి వేరుగా పెట్టాలన్న నియమం ఉంది, ఆ నిధికి ఇవ్వడం సభ్యుడి ఇష్టం, ఇవ్వనంత మాత్రాన సభ్యత్వంలో తక్కువగా చూడకూడదు. సాధారణ నిధిలోంచి పోస్టర్ వేసినా రేపు ఎదుటి యూనియన్ వాడు రిజిస్ట్రార్ దగ్గరికి పోతాడు, మన ఊళ్లో ఎదుటి యూనియన్లకి కొదవ లేదు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, అది కాగితం మీద. అసలు ఖర్చు ఎంతో గాజువాకలో టీ కొట్టు వాడు కూడా చెబుతాడు. ఇంద్రజిత్ గుప్తా అధ్యక్షతన 1998లో వేసిన కమిటీ గుర్తింపు పొందిన పార్టీల ఎన్నికల ఖర్చులో కొంత ప్రభుత్వమే, నగదు కాకుండా వస్తువుల రూపంలో భరించాలంది. ఆ రిపోర్టు ఇంకా అలాగే ఉంది.

పదవుల విషయంలో 2001లో ఆ చట్టానికి చేసిన సవరణతో వచ్చిన నియమం గుర్తుంచుకోండి. సంఘటిత రంగంలో యూనియన్ ఆఫీసు బేరర్లలో బయటివాళ్లు మూడో వంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతే. రిటైరైన వాణ్నీ, రిట్రెంచ్ అయిన (కోతలో ఉద్యోగం పోయిన) వాణ్నీ బయటివాడిగా లెక్కించరు, రాజీనామా చేసిన వాడి మాట అందులో లేదు. పబ్లిక్ సెక్టార్‌లో సాధారణంగా ఉద్యోగం వదిలితేనే పోటీ చేయనిస్తారు కాబట్టి, ఓడిపోతే ఉద్యోగమూ ఉండదు, యూనియన్‌లో బయటివాడి కోటాలోకి పోవాలి. ఎమ్మెల్యే అయినా యూనియన్ అధ్యక్షుడిగా ఉండొచ్చు గాని, మంత్రి అయితే కార్యవర్గంలో ఉండకూడదు. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ పాత చట్టాన్ని తనలో కలిపేసుకుంది కాబట్టి నామినేషన్‌కి ముందు ఇవన్నీ ఒకసారి లేబర్ లాయర్‌తో చదివించుకోండి, వాట్సాప్‌లో వచ్చింది నమ్మొద్దు.

నన్నడిగితే ఆయన అసెంబ్లీ మాట ఇప్పుడు పక్కన పెట్టి కార్పొరేటర్‌గా మొదలవ్వాలి. ఆ రెండు వార్డులు గెలిచినవాళ్లు గాలికి గెలవలేదు, కుళాయి, కాలువ, ఇంటి పన్ను లాంటి పనుల మీద తిరిగి తిరిగి గెలిచారు. ఇప్పటి నుంచే కాంట్రాక్టు కార్మికుల ఈఎస్‌ఐ, పీఎఫ్ కేసులు చేతిలోకి తీసుకోవాలి, నిర్వాసిత కాలనీల్లో వారానికోసారైనా కూర్చోవాలి, అదీ యూనియన్ బ్యాడ్జి లేకుండా. ఇంట్లో వాళ్లతో కూడా ఇప్పుడే మాట్లాడుకోమనండి, ఉద్యోగం పోతే క్వార్టర్ కూడా పోతుంది. ఇంతకీ ఆయన ఓటు ఏ వార్డులో ఉంది, ఆ వార్డులో కాంట్రాక్టు వాళ్ల ఇళ్లు ఎన్ని? అది కనుక్కుని రాయండి, మిగతా లెక్క అప్పుడు చూద్దాం.